మూడో నాబు

మంగరాజుకు యంత్రాల దగ్గర ఉన్న ఓపిక మనుషుల దగ్గర ఉండేది కాదు. అరకు స్టేషను రోడ్డులో రేడియో రిపేరు కొట్టు అతనిది. చుట్టుపక్కల కొండల మీది ఊళ్ళన్నిటికీ అతను రేడియో బాబు. సంత రోజున ఎవరైనా మూగబోయిన ట్రాన్సిస్టరు తెచ్చి బల్ల మీద పెడితే, తెచ్చిన మనిషి ముఖమైనా చూడకుండా వెనక మూత విప్పేసేవాడు. సెల్లు మంచిది కాదనేవాడు, పార్టు విశాఖపట్నం నుంచి రావాలనేవాడు, కొండ అడ్డమొచ్చి స్టేషను అందదనేవాడు. నాకు తెలియదు అన్న మాట మాత్రం అతని నోట మేమెవరం వినలేదు. అది లోపమని మాకూ తోచలేదు. మెకానిక్కన్నవాడు అలాగే ఉండాలనుకున్నాం. మా తెలివి అంతే.

డెబ్బై తొమ్మిది ప్రాంతంలో విశాఖపట్నంలో పాత ఇనుము వేలంలో అతను ఒక మిలట్రీ మిషను కొన్నాడు. భూమిలో మందుపాతరలు వెతకడానికి వాడి, పాతబడ్డాక వదిలించుకున్నది. పొడుగాటి కర్ర చివర పెద్ద చక్రం, చెవులకు పెట్టుకునే ఫోన్లు, వీపున మోసుకోవాల్సిన బ్యాటరీ పెట్టె. దీనితో ఏం చేస్తావయ్యా అని మేం నవ్వాం. అతనికి తెలుసు ఏం చేయాలో. కొండల మీద ముసలివాళ్ళు రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయలు కుండలో పెట్టి పాతేవారు. ఎక్కడ పాతిందీ పెళ్ళానికి కూడా చెప్పేవారు కాదు. చెప్పకుండానే ఎందరో పోయారు. వాళ్ళ పిల్లలు పెరడంతా తవ్వుకుని, చేతులు బొబ్బలెక్కించుకుని ఊరుకునేవారు. అలాంటివాళ్ళ ఇళ్ళకు మంగరాజు మిషను మోసుకెళ్ళేవాడు. దొరికితే కాఫీ గింజలో, పిప్పళ్ళో, ఒక కోడిపుంజో ఇచ్చేవారు.

అయితే ఆ పాతదానికి నోరు ఎక్కువ. ఇనుమన్నా అరిచేది, రేకన్నా అరిచేది. మా ఎర్రమట్టిలోనే ఇనుపరాయి కలిసి ఉందేమో, ఉత్త నేల మీద కూడా గుర్రుగుర్రుమనేది. అరిచిన చోటల్లా తవ్వితే గొడ్డలి ముక్కలూ, ఎడ్ల నాడాలూ వచ్చేవి.

రెండేళ్ళకు ఓడలో వంటవాడిగా పనిచేసిన బంధువు ఎవరో ఫారిన్ మిషనొకటి తెచ్చి అతనికి అమ్మాడు. అది తేలిక, ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. దానికి మూడు నాబులు. మొదటిది తిప్పితే లోతుకు వింటుంది, కానీ మరీ తిప్పితే పిచ్చెక్కినట్టు చిటపటలాడుతుంది. రెండోది మట్టి గోలను అణుస్తుంది. మూడోది ఇనుమును పక్కన పెడుతుంది. అది సగానికి తిప్పితే మేకు మీద మిషను మాట్లాడదు, వెండి మీద మాత్రం సన్నగా ఈల వేస్తుంది. ఇంకా తిప్పితే అర్ధరూపాయలాంటి చిన్న బిళ్ళను కూడా వదిలేస్తుంది.

మంగరాజు తన పెరట్లో వెండి రూపాయలు జానెడు లోతున, మూరెడు లోతున పాతి రెండు మిషన్లతోనూ పరీక్షలు చేశాడు. వాన పడ్డాక నేల బాగా పలుకుతుందని, ఎండలో మందకొడిగా ఉంటుందని, బిళ్ళ నిలువుగా ఉంటే దాదాపు వినబడదని కనిపెట్టాడు. మాకూ టీకొట్టులో అవన్నీ విప్పి చెప్పేవాడు. చివరికి పాతదాన్ని అటక ఎక్కించేశాడు.

“అది కుక్క. ఎవడొచ్చినా అరుస్తుంది. ఇది పోలీసు. దొంగనే పట్టుకుంటుంది,” అనేవాడు.

ఆ మాట కొండలెక్కింది. రేడియో బాబు కొత్త మిషను అబద్ధం చెప్పదని ఊరూరా అనుకోసాగారు. అతనూ కాదనలేదు.

ఈతమానువలసలో ముత్యాలమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె మెడలోది వెండి రూపాయలు గుచ్చిన దండ. అది ఆ ఇంట్లో అత్త నుంచి పెద్దకోడలికి వస్తూ ఉండేది. ముత్యాలమ్మ మొగుడు దొంగల భయం ఎక్కువైన ఒక ఏడు దాన్ని తీసి ఎక్కడో దాచాడు. తర్వాత జ్వరమొచ్చి మాట పడిపోయి చనిపోయాడు. ఆ నాలుగు రోజులూ దగ్గరుండి చూసింది కోడలు నీలవేణి. దండ కనబడకపోయేసరికి అత్త చూపు కోడలి మీద పడింది. పుట్టింటికి చేర్చేసిందని మొదట గొణిగింది, తర్వాత పైకే అంది. నీలవేణి మొగుడు భీముడు మంచివాడే. మంచివాడంటే అమ్మ అన్నదానికీ తలూపేవాడు, పెళ్ళాం అన్నదానికీ తలూపేవాడు.

“మావ గునపం పట్టుకుని పెరట్లోకి ఎల్లడం నాను సూసినాను. అక్కడే ఎక్కడో పాతినాడు,” అని నీలవేణి మొత్తుకుంది. తవ్వారు. రాళ్ళ నేల, పసుపు మళ్ళు, విశాలమైన పెరడు. ఏమీ దొరకలేదు. అప్పుడు ఆమే అంది, “రేడియో బాబుని పిలవండి. నాను సెప్పింది నిజమో కాదో ఆ మిషనే సెప్తాది.”

ఊరి పెద్ద సుక్రు కబురు పెడితే మంగరాజు కొత్త మిషను పట్టుకుని వెళ్ళాడు. ఊరంతా కంచె చుట్టూ చేరింది. చెవిఫోన్లు పెట్టుకోకుండా, అందరికీ వినబడాలని మిషను గొంతు పెంచాడు. అది కొంచెం గొప్పకే. పెరటి నేలలో తుక్కు ఇనుము ఎక్కువని తెలిసి మూడో నాబు సగానికి తిప్పాడు. వరుసగా చక్రం ఊపుకుంటూ పోయాడు. ఎక్కడా చప్పుడు లేదు. పశువుల పాక మూల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మిషను ఈల వేయకుండా, ఊరుకోకుండా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు గొరగొరమంది.

అలాంటి చప్పుడు అతను ఎప్పుడూ వినలేదు. వెండి కాదు. ఉత్త ఇనుమూ కాదు. ఏమిటో అతనికి తెలియలేదు. ఇంతమంది చూస్తుండగా తవ్విస్తే విరిగిన గునపం ముక్క బయటపడితే? పోలీసు కూడా కుక్కే అయిపోతుంది కదా. మూడో నాబు ఇంకొంచెం తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది.

“ఉన్నాదా, నేదా?” అని అడిగాడు సుక్రు.

“లేదు,” అన్నాడు మంగరాజు.

ఆ ఒక్క మాటతో నీలవేణి దొంగ అయిపోయింది. ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. భీముడు కంచె కర్ర పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు ఆమె తండ్రి వచ్చి కొండగట్టు అవతలి తమ ఊరికి తీసుకుపోయాడు. మంగరాజుకు కోడిపుంజు ఇవ్వబోతే, ఏమీ దొరకలేదు కదా, వద్దన్నాడు. దానికి కూడా జనం అతన్ని మెచ్చుకున్నారు.

ఆ చలికాలం పాడేరు నుంచి ఒక కాఫీతోట సూపర్వైజరు పాత మిషను కొంటానని వచ్చాడు. రెండింటికీ తేడా ఏమిటో చూపించమన్నాడు. మంగరాజుకు అంతకంటే ఏం కావాలి? బల్ల మీద వెండి రూపాయి పెట్టాడు. రెండూ పలికాయి. మేకు పెట్టాడు. పాతది అరిచింది, కొత్తది ఊరుకుంది.

“చూశారా?” అన్నాడు.

“రూపాయీ ఇనుమూ కలిపి పెడితేనో?” అని ఆయన మాటవరసకు అడిగాడు. మంగరాజు రూపాయి మీద బండి చక్రానికి వేసే ఇనుప పట్టీ ముక్క పెట్టి, కొత్త మిషను చక్రం దాని మీద ఆడించాడు. గొరగొరమంది. మూడో నాబు కొంచెం తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది.

కింద రూపాయి అలాగే ఉంది.

అతనికి ఈతమానువలస పాక మూల గుర్తొచ్చింది. ఆ ఊళ్ళవాళ్ళు సొమ్ము పాతితే దాని మీద అరిగిపోయిన నాగలి కర్రు ఒకటి పెడతారు. ఇనుము కాపలా లేకపోతే పాతిన సొమ్ము మట్టిలో నడిచి వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. ఈ సంగతి అతనికి ఎవరో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పాత మిషనుతో అతను తీసిన కుండల మీద ఎన్ని కర్రులు చూడలేదు? ఆ రోజుల్లో ఆ మిషను అరిచింది వెండిని చూసి కాదు, కర్రును చూసి. ఇన్నాళ్ళూ తనకు దారి చూపించిన ఇనుమునే తను నాబు తిప్పి నోరు మూయించాడు.

మిషను అమ్మడం లేదని ఆయనతో చెప్పి పంపేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ పాతదాన్ని వీపున వేసుకుని ఈతమానువలస చేరాడు. పశువుల పాక మూలకు వెళ్ళగానే మిషను గావుకేక పెట్టింది. భీముడు తవ్వాడు. ముందు కర్రు వచ్చింది, దాని కింద కుండ, కుండలో దండ.

ముత్యాలమ్మ అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది. సుక్రు మంగరాజు వైపు తిరిగి, “మరి ఆ దినం ఏటయింది బాబూ?” అన్నాడు.

“ఆ రోజు... బ్యాటరీ డౌనయింది,” అన్నాడు మంగరాజు.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! వింటున్నవాళ్ళ ముఖాలు కూడా తేలికపడ్డాయి. అత్త తప్పు కాదు, భీముడి తప్పు కాదు, ఊరి తప్పు కాదు. బ్యాటరీది. ఎవరో కుర్రాళ్ళు అప్పుడే గట్టు మీదికి పరుగెత్తారు, నీలవేణిని తీసుకురావడానికి. సుక్రు మంగరాజును కదలనివ్వలేదు. నీ ఎదటే దండ ఎయ్యాల అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె వచ్చింది. బాగా చిక్కిపోయింది. కంచె బయటే నిలబడింది. ముత్యాలమ్మ దండ పట్టుకుని ఎదురెళ్ళి, “బ్యాటరీ డౌనయిపోనాదట అమ్మీ. మనకేటి తెలుస్తాది? రా, లోనికి రా,” అంది.

నీలవేణి మంగరాజు వైపు చూసింది.

“పాక మూల కాడ నీ మిషను గొరగొరమంది బాబూ. నాను పక్కనే ఉన్నాను. ఇప్పుడు తవ్వుతాడు, ఇప్పుడు తవ్వుతాడని సూసినాను. నువ్వు ఆ గుండీ తిప్పినావు. అది ఊరుకున్నాది. ఆ దినమే ఈ మాట అంటే ఎవులు ఇంటారు? ఇప్పుడు సెప్పు. బ్యాటరీయేనా?”

మంగరాజు చుట్టూ చూశాడు. కంచె చుట్టూ ఆ రోజు ఉన్నవాళ్ళే ఉన్నారు. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. వీపున ఆ పెట్టెతో ఎక్కడికి పారిపోతాడు?

“బ్యాటరీ కాదు,” అన్నాడు. వెనకవాళ్ళకు వినబడలేదు. సుక్రు గట్టిగా చెప్పమన్నాడు. “బ్యాటరీ కాదు. మిషనుదీ తప్పు కాదు. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలియలేదు. మీ అందరి ముందూ తెలియదని చెప్పడానికి నామోషీ అయింది. అందుకని నాబు తిప్పేసి లేదన్నాను.”

తిడతారనుకున్నాడు. కొట్టినా అతనికి ఇష్టమే. ముత్యాలమ్మ మాత్రం దండ ఎత్తి కోడలి మెడలో వేయబోయింది. నీలవేణి ఆ చెయ్యి పట్టుకుని ఆపి, వెనకాల నిలబడ్డ భీముడిని చూసింది.

“ఈ బాబు సెప్పీసినాడు. నువ్వేటి సెప్తావు?”

భీముడు నోరు తెరిచాడు. అమ్మ వైపు చూశాడు. ఊరి పెద్ద వైపు చూశాడు. కంచె కర్ర పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు.

ఆమె కొంతసేపు ఆగింది. బహుశా ఆ మనిషి బతుకులో అంతసేపు అతని మాట కోసం ఎవరూ ఆగి ఉండరు. తర్వాత అత్త చేతిని నెమ్మదిగా వదిలేసి వెనక్కి తిరిగింది. దండ ముత్యాలమ్మ చేతుల్లోనే ఉండిపోయింది.

గట్టు పైదాకా మంగరాజుదీ అదే దారి. ఆమె దూరం వెళ్ళిపోయాక బయలుదేరదామని ఒక బండ మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లేచి నడిస్తే, మొదటి మలుపులోనే ఆమె నిలబడి ఉంది. తప్పించుకోవడానికి పక్కదారి లేదు.

“నీ మీద నాకు కోపం నేదు బాబూ,” అంది. “నువ్వు పరాయోడివి. నా కోసం అంతమందిలో సిగ్గు ఇడిసి సెప్పినావు. ఆడు నా మొగుడు.”

అంతకంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేదనిపించింది మంగరాజుకు. ఆ రోజే తెలియదని ఒక్క మాట అని ఉంటే భీముడికి ఈ పరీక్షే వచ్చేది కాదు. వాళ్ళ కాపురం ఎలాగో ఒకలా సాగిపోయేది. అదంతా చెప్పి చేతులు జోడిద్దామనుకున్నాడు గానీ, ఎక్కి వచ్చిన ఆయాసానికి గట్టును ఆనుకుని ఊపిరి తీసుకోవడమే సరిపోయింది.

నీలవేణి అతని అవస్థ చూసింది. దగ్గరికి వచ్చి, అతని వీపు మీది పెట్టె వార్లు తనే విప్పి, పెట్టెను ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

“నీకు ఈ ఎక్కుడు అలవాటు నేదు. బేగి నడు, పొద్దు వాలిపోతంది,” అని ముందు నడిచింది.

అతను చక్రం కర్ర మాత్రం పట్టుకుని ఆమె వెనకాల ఎక్కాడు. ఇలా ఇచ్చెయ్యమ్మా అని ఆ పెట్టెను తిరిగి అడగడానికి కూడా అతనికి ముఖం చెల్లలేదు.