కారణం రాయని చీటీ

1993 మే నెలలో నన్ను చంద్రపూర్‌కు బదిలీ చేశారు. హోదా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, విద్యుత్ విభాగం. వార్ధా నది అవతల, రాజురా వైపు ఉన్న ఒక ఓపెన్‌కాస్టు గనిలో పంపులు, మోటార్లు, కేబుళ్లు నా అజమాయిషీలో ఉండేవి. గని పేరు ఇక్కడ రాయను. చెప్పబోయే తప్పు నాది.

ఓపెన్‌కాస్టు అంటే నేలను మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగే పెద్ద గొయ్యి. వానాకాలంలో నీళ్లన్నీ అడుగుకు చేరతాయి. అక్కడి పంపు ఆగితే బొగ్గు ఆగుతుంది, బొగ్గు ఆగితే పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. అంతకుముందు కాలిన మోటార్లన్నీ మా సెంట్రల్ వర్క్‌షాపుకే పోయేవి. సర్కారు కొత్త విధానాలు వచ్చాక రిపేరు పనిని ప్రైవేటు వాళ్లకు ఇవ్వడం మొదలైంది. అయితే ఆమోదిత జాబితాలో పేరున్న షాపులకే ఇవ్వాలి. షాపును చూసి పేరు సిఫార్సు చేయడం నా పని.

అట్లా మొదటిసారి యాకూబ్ సాబ్ షెడ్డుకు వెళ్లాను. రాజురా నుంచి సాస్తి పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు, పైన 'సిద్దీ వైండింగ్ వర్క్స్' అని మరాఠీలో బోర్డు. వైండింగ్ అంటే కాలిన మోటారులో రాగి తీగ కాయిళ్లను మళ్లీ చుట్టే పని. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు తెచ్చిన సిద్దీల సంతతి ఆయన. తండ్రి హైదరాబాదులో నిజాం గుర్రపు దళంలో సిపాయి. ఆ దళం పోయాక, రాజురా ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, ఇక్కడ పత్తి జిన్నింగు మిల్లులో కాపలా ఉద్యోగానికి వచ్చాడట. ఆ మిల్లు మోటార్ల దగ్గర నిలబడే యాకూబ్ సాబ్ పని నేర్చుకున్నాడు. నదికి ఆ వైపున సొంత వైండింగ్ షాపు పెట్టిన మొదటి మనిషి ఆయనే. బజారులో ఆఫ్రికావాడని ఎగతాళిగా 'హబ్షీ' అంటూ వెనక నవ్వుకునేవాళ్లకు జవాబుగా తన జాతి పేరునే బోర్డుకు ఎక్కించాడని నాకు తర్వాత తెలిసింది. మస్జిదు కమిటీలోనూ, మన తెలుగు కార్మికుల వాడలోనూ తగువు తెగకపోతే ఆయన్నే పిలిచేవాళ్లు.

షెడ్డులో రెండు సంగతులు నన్ను ఆశ్చర్యపరిచాయి. కాయిళ్లు చుట్టేది ఆడవాళ్లు. మొత్తం ఆరుగురు. కాంట్రాక్టు కూలీలుగా గనుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల భార్యలు. పర్మనెంటు కార్మికుడు పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది, కాంట్రాక్టు కూలీ పోతే ఏమీ రాదు. వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, రాగి తీగ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పాడు. అందరికంటే చెయ్యి తిరిగిన మనిషి లచ్చవ్వ. మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి వచ్చిన కుటుంబం ఆమెది.

రెండోది గోడ. కాలి వచ్చిన ప్రతి మోటారుకూ ఒక అట్ట చీటీ కట్టేవాళ్లు. మోటారు నంబరు, చుట్టినవాళ్ల పేరు, కాలిన కారణం అందులో రాయాలి. కారణం రాసి సంతకం పెట్టేదాకా పాత వైండింగును కోసి తీయడానికి ఉలి పట్టరు. ఆ తర్వాత ఒక కాలిన కాయిలును చీటీతో సహా గోడకు తగిలించేవాళ్లు. యాకూబ్ సాబ్ తప్పులు కూడా అక్కడ వేలాడుతున్నాయి, ఆయన సంతకంతోనే. పని చూసి తృప్తిపడి సిఫార్సు రాశాను.

జూలైలో వాన పట్టుకుంది. గని అడుగున ఉన్న నూరు హార్స్‌పవర్ మోటారును ఆ షెడ్డులోనే, లచ్చవ్వ చేత, కొత్తగా చుట్టించి బిగించాం. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే అని ఒక చిన్న పరికరం ఉంటుంది. కరెంటు హద్దు మీరితే మోటారును ఆపేస్తుంది. ఆ వానలో అది మాటిమాటికీ పంపును ఆపుతుంటే, అది పనిచేయకుండా కట్టేయమని ఎలక్ట్రీషియనుకు నేనే చెప్పాను. ఎలక్ట్రీషియను అగ్గిపుల్ల పెట్టి బిగించేశాడు. అందరూ చేసే పనే అనుకున్నాను. మూడో రోజు మోటారు కాలింది. గని అడుగు మునిగి రెండు రోజులు బొగ్గు ఆగింది.

మోటారు కాలితే మూత విప్పి, వైండింగు చూసి, కారణంతో రిపోర్టు పంపాలి. నా పై అధికారి ఏరియా ఇంజినీరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. బురదలోంచి మోటారును బయటికి లాగకముందే 'వైండింగు లోపం' అని రాసి సంతకం పెట్టాను. అగ్గిపుల్ల సంగతి గుర్తులేదని ఇప్పుడు చెబితే అబద్ధం. గుర్తుంది. దాని జోలికి పోదలచుకోలేదు, అంతే.

ఆ రిపోర్టు పట్టుకుని ఆఫీసు ఒక ఉత్తరం తయారుచేసింది. ఆడవాళ్లను వైండింగు పని నుంచి తప్పిస్తే సిద్దీ షాపు పేరు జాబితాలో ఉంటుంది, లేదంటే కొట్టేస్తారు. కాలిన మోటారు రిపేరుకని చేరి నలభై రోజులుగా ఆ షెడ్డులోనే పడి ఉంది. ఉత్తరం అందించి, మోటారును నాగపూర్ పార్టీకి, అంటే అక్కడి మరో రిపేరు షాపుకు, పంపించే ఏర్పాటు చేయమని నన్నే పంపారు.

వెళ్లేసరికి ఆరుగురూ పనిలో ఉన్నారు. యాకూబ్ సాబ్ ఉత్తరం నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేరే షాపుల వాళ్లు కూడా ఇదే సలహా ఇచ్చారనీ, మగవాళ్లను పెట్టుకోవడం పెద్ద పని కాదనీ, కానీ వీళ్లను ఏ మొహంతో లేపాలో తెలియడం లేదనీ అన్నాడు. గొంతులో కోపం లేదు. దానికి నేను సిద్ధపడి వచ్చాను కాబట్టి, లేకపోవడమే ఇబ్బందిగా తోచింది.

లచ్చవ్వ చేతిలో తీగ కింద పెట్టి లేచి వచ్చింది.

"నేను చుట్టింది ఖరాబైతే ఒప్పుకుంట సారూ. గోడ మీద నా పేరు ఇదివరకే రెండుసార్లు ఉన్నది. చూడకుండనే ఎట్ల రాసిన్రో, గదే నాకు సమజైతలేదు."

మోటారు షెడ్డు మధ్యలో ఉంది. రెండు పక్కలా మూతలు విప్పి, లోపల దుమ్ము పడకుండా గుడ్డ కప్పారు. చీటీ కట్టి ఉంది. నంబరు ఉంది, లచ్చవ్వ పేరు ఉంది, కారణం దగ్గర ఖాళీ. ఇన్ని రోజులూ కాలిన వైండింగును ఎవరూ ముట్టుకోలేదు.

"నన్ను అడగకుండ్రి సాబ్," అన్నాడు యాకూబ్ సాబ్, గుడ్డ తీస్తూ. "జర వంగి చూసి మీరే చెప్పుండ్రి."

చూశాను. చుట్టడంలో లోపముంటే ఏదో ఒక్కచోట తూట్లు పడి కాలుతుంది. ఇక్కడ అట్లా లేదు. మూడు ఫేజుల్లో ఒక ఫేజు కాయిళ్లు మాత్రమే, చుట్టూ సమాన దూరంలో, బొగ్గయి ఉన్నాయి. మిగతా రెండింటి మీద వార్నిషు రంగు కూడా మారలేదు. దీన్ని సింగిల్ ఫేజింగ్ అంటారు. మూడు తీగల్లో ఒకదానికి కరెంటు తెగిపోయినా మోటారు ఆగకుండా తిరిగితే ఇట్లాగే కాలుతుంది. ఆపాల్సింది రిలే. దాన్ని కట్టించింది నేను. డిప్లొమా కుర్రాడు కూడా ఒక్క చూపులో చెప్పే విషయం అది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

యాకూబ్ సాబ్ పెన్ను ఇచ్చాడు. చీటీ మీద తెలుగులో రాశాను. రాసి ఇవ్వబోతే తీసుకోలేదు.

"లచ్చవ్వకు చదువు రాదు సాబ్. జర చదివి వినిపించుండ్రి."

నా కింద రెండొందల మంది పనిచేసేవాళ్లు. వాళ్లలో ఎవరి ముందూ నేను అట్లా నిలబడలేదు. "సింగిల్ ఫేజింగ్. రిలే కట్టేసి ఉంది. కట్టమన్నది నేను. వైండింగులో లోపం లేదు," అని చదివాను. లచ్చవ్వ తలూపి తన పీట దగ్గరికి పోయింది. తీగ మళ్లీ అందుకుంది.

మర్నాడు మొదటి రిపోర్టును రద్దు చేస్తూ రెండోది పంపాను. నాకు చార్జిషీటు వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఏరియా ఇంజినీరు బదిలీ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఉత్తరం వెనక్కి తీసుకున్నారు, జాబితాలో పేరు నిలబడింది. కానీ అప్పటికే ఆ ఏడాది పనంతా నాగపూర్ పార్టీకి పోయింది. ఆ ఏడాది యాకూబ్ సాబ్ రైతుల బావి మోటార్లతోనే షెడ్డు నడిపాడు, ఒక్కరిని కూడా తీసేయకుండా. ఆ మాట నాతో ఎప్పుడూ ఎత్తలేదు.

రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్లాను. యాకూబ్ సాబ్ పోయి రెండేళ్లయిందన్నారు. ఖననానికి గని వాడల నుంచి ఆడవాళ్లు కూడా వచ్చి కబరస్తాన్ గేటు బయట నిలబడ్డారట. షెడ్డు ఆయన కూతురు నడుపుతోంది. లచ్చవ్వకు చూపు ఆనడం లేదు, కొత్తవాళ్ల పక్కన కూర్చుని తీగ బిగువును చేత్తో తడిమి చెబుతోంది. గోడ మీద నా చీటీ ఉంది. వెలిసిపోయిన చీటీలన్నిటి మీదా ఏడాదికోసారి మళ్లీ సిరాతో దిద్దుతారట. నాదీ దిద్దారు, సంతకంతో సహా.

ఆ షెడ్డులో నేర్చుకున్నవి రెండు. మూత విప్పకుండా కారణం రాయకూడదు. రాసినదాన్ని, ఆ పని చేసిన మనిషి ముందు నిలబడి చదవగలగాలి. మొదటిది మా శిక్షణ పుస్తకాల్లో ఉంది. రెండోది మా నియమావళిలో ఎక్కడా లేదు.