మేష్టారు వెతికిన రిలే

నా చిన్నప్పుడు మా తాతయ్య ఎవరినైనా కాదనడం నేను వినలేదు. గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషికి మొహం మీద లేదని చెప్పడం మా వైపు పెద్ద తప్పు. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడాలి, మంచినీళ్ళు తాగాలి, "దానికేముందండీ, చూద్దాం" అన్న మాట పట్టుకుని వెళ్ళాలి. నిచ్చెన అడిగితే మర్నాటికి దాని మెట్టు విరిగి ఉండేది. ఎడ్లబండి అడిగితే ఇరుసు దెబ్బతినేది. అడిగిన రోజే ఇన్ని వస్తువులు ఎందుకు పాడవుతాయో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ "అయ్యో పాపం" అని వెళ్ళిపోయేవారు. అది వాళ్ళ వైపు మర్యాద.

రాజోలుకు నాలుగు మైళ్ళలో మా ఊరు. డెబ్భైల చివర్లో ఊరంతటికీ ఫ్రిజ్జు ఉన్నది మా ఇంట్లోనే. మా బాబాయి విశాఖపట్నంలో పాతది కొని లారీ మీద పంపించారు. దాన్ని సావిట్లో, వీధిలోంచి కనబడేలా పెట్టారు. పైన లేసు గుడ్డ, తలుపుకి తాళం, తాళంచెవి మా నాయనమ్మ బొడ్లో. రెండు సీసాల నీళ్ళకీ, పెరుగు గిన్నెకీ, సాయంత్రం మల్లెపూలకీ అంత పెద్ద పెట్టె.

ఒక వేసవిలో అది నిజంగానే ఆగిపోయింది. అమలాపురం నుంచి మెకానిక్ వచ్చి, వెనకాల కంప్రెసర్ పక్కనున్న మూత తీసి, అగ్గిపెట్టెంత నల్లటి ముక్క ఒకటి ఊడదీసి ఇంకోటి పెట్టాడు. దాన్ని రిలే అంటారనీ, మోటారుని మొదట ఓ తోపు తోసి లేపేది అదేననీ చెప్పాడు. మా తాతయ్య పక్కనే పీట వేసుకుని అంతా చూశారు. ఏ పనైనా ఒకసారి చూస్తే ఆయనకి వచ్చేసేది.

ఆ తర్వాతి ఏడు, ఏప్రిల్ నెలాఖరులో, మా మేష్టారు మా అరుగు దగ్గరికి వచ్చారు. నాకు బళ్ళో లెక్కలు చెప్పేది ఆయనే. వాళ్ళ నాన్న మా పొలంలో పాలేరు. ఈయన మిషను బడిలో చదువుకుని టీచరయ్యారు. ఆదివారం ఇస్త్రీ చొక్కాతో చర్చికి వెళుతుంటే మా తాతయ్య అరుగు మీంచే "బాగున్నారా మేష్టారూ" అని పలకరించేవారు. పలకరింపులో ఏనాడూ లోటు లేదు.

మేష్టారికి ఒక్కతే కూతురు, నా క్లాసు. ఆ ఏడాదే దానికి షుగరు జబ్బని బయటపడింది. పిల్లలకి కూడా ఆ జబ్బు వస్తుందని అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పొద్దున్నా సాయంత్రమూ ఇన్సులిన్ సూది వెయ్యాలి, మానితే పిల్ల బతకదు అని కాకినాడలో డాక్టరు చెప్పేశారు. వేసవి దాటేదాకా సరిపడా మందు ఇచ్చి, చల్లటి చోట దాచమనీ, ఎండకి ఉడికితే అది ఉత్తి నీళ్ళతో సమానమనీ చెప్పి పంపించారు. మేష్టారు అడగడానికి వచ్చింది దాని కోసమే. ఎనిమిది చిన్న సీసాలు. ఫ్రిజ్జులో ఓ మూల, రెండు గుప్పిళ్ళ చోటు. రాజోల్లో ఫ్రిజ్జులున్న ఇళ్ళు రెండో మూడో ఉన్నా అవి ఆయన ఎక్కగల గుమ్మాలు కావు.

"ఎంత మాటండీ మేష్టారూ. పాప మందు కన్నా ఎక్కువా? రేపు తెచ్చేయండి" అన్నారు మా తాతయ్య.

లోపల్నుంచి ఇదంతా విన్న మా నాయనమ్మ, మేష్టారు వెళ్ళగానే, మన పెరుగు గిన్నె పక్కన వాళ్ళింటి సీసాలేమిటని అడిగింది. ఇవాళ మందంటారు, రేపు కూరంటారు అంది. తాతయ్య ఆమెతో వాదించలేదు, మేష్టారికి కబురు పంపనూ లేదు. ఆ సాయంత్రమే స్విచ్చి కట్టేసి, వెనక మూత తీసి, రిలే ఊడబెరికారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తన నేర్పుని ఎవరో ఒకరు చూడాలని ఆయనకుండేది. "ఇదేనమ్మడూ దీని ప్రాణం. మన చేతిలో ఎలా ఉందో చూడు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన దాన్ని ఖాళీ పొడుం డబ్బాలో వేసి, బీరువా పై అరలో పెట్టారు.

మర్నాడు మేష్టారు సీసాలని తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ కేరేజీలో పెట్టుకుని వచ్చారు. కూతురు వెంట ఉంది. మా తాతయ్య ఎదురెళ్ళి చాలా బాధపడ్డారు. నిన్న సాయంత్రం కరెంటు హెచ్చుతగ్గులకి రిలే కాలిపోయిందనీ, ఇంతలోనే ఇలా అయిందనీ చెప్పారు. ఇక్కడ ఎవరైనా అయ్యో పాపం అని వెనక్కి తిరగాలి. మేష్టారు తిరగలేదు.

"ఆయ్, మీరేం విచారపడకండి బాబుగారూ. నేను బాగు చేయిస్తానండి" అన్నారు.

మా తాతయ్య జీవితంలో అలాంటి జవాబు విని ఉండరు. చాలా సంతోషమండీ అన్నారు.

రెండో రోజుకల్లా మేష్టారు గోదారి రేవు దాటి అమలాపురం వెళ్ళి, అదే మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చారు. మెకానిక్ సావిట్లో పని చేస్తుంటే మేష్టారు గుమ్మం అవతల నిలబడ్డారు. పాత ముక్క ఏదని మెకానిక్ అడిగాడు. కాలిపోయిందాన్ని ఏం చేసుకుంటామని కాలవలో పారేశాం అన్నారు తాతయ్య. అతను తల గోక్కున్నాడు. కిందటేడు తను పెట్టింది వేరే ఫ్రిజ్జులోంచి తీసిన ముక్కట, నంబరు గుర్తు లేదట. ఏ మోటారు బలానికి ఆ రిలేయే ఉండాలి. ఒకటి పెడితే మోటారు లేవదు, ఇంకోటి పెడితే మోటారే కాలిపోతుంది. "పాత ముక్క ఉంటే గంటలో పనండి. లేకపోతే ఊరూరూ తిరగాలి" అన్నాడు. కంప్రెసర్ మీదున్న రేకు చదువుదామంటే తుప్పు పట్టి ఉంది.

మేష్టారు ఊరూరూ తిరిగారు. అమలాపురంలో ఒకటి దొరికింది. పెడితే మోటారు కాసేపు మూలిగి, టక్కుమని ఆగిపోయింది. కాకినాడ నుంచి ఇంకోటి తెచ్చారు. మెకానిక్ దాన్ని చేత్తో తిప్పి చూసి, ఇది పెట్టానంటే బాబుగారి ఫ్రిజ్జు మూలబడిపోతుందండి అని తిరిగి ఇచ్చేశాడు. రెండుసార్లూ మా తాతయ్య ప్చ్ అన్నారు, మీకెంత శ్రమ అన్నారు, అరుగు మీదకి కాఫీ పంపించారు. ఇటు మేష్టారింట్లో మందు సీసాలు కుండలో, తడి ఇసుకలో ఉన్నాయి. ఆయన భార్య గంటకోసారి నీళ్ళు చల్లుతూ కూర్చునేదిట. బయట మే నెల ఎండ.

ఒకరోజు మేష్టారు వీధిలో నన్ను ఆపారు. బళ్ళో లెక్క అడిగినంత నెమ్మదిగా అడిగారు.

"అమ్మాయ్, తాతయ్యగారు ఆ ముక్క కాలవలో ఎక్కడ పారేశారో నువ్వు చూశావా?"

నేను చూశానన్నాను. రేవు మెట్ల పక్కన అని చెయ్యి చాచి చూపించాను. ఎవరూ నన్ను అలా చెప్పమనలేదు.

ఏటా ఆ నెలలో మా కాలవలు కట్టేస్తారు. పైన నీళ్ళు ఆపేస్తే కాలవంతా మోకాలు లోతు బురదా, అక్కడక్కడ గుంటలూ మిగులుతాయి. మేష్టారు పంచె ఎగ్గట్టి అందులోకి దిగారు. రెండు రోజులు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, మెట్ల పక్కన జానెడు జానెడుగా బురద పిసికి చూశారు. కూతురు గట్టు మీద కొబ్బరిచెట్టు నీడలో ఆయన చెప్పులు పట్టుకుని కూర్చుంది. అప్పటికే బాగా చిక్కిపోయింది. నల్లటి ముక్క ఏది దొరికినా ఆయన గుంటలో కడిగి దానికి చూపించేవారు. అరిగిన బ్యాటరీ, చెప్పు మడమ, పెంకుముక్క. అది కాదన్నట్టు తల ఊపేది. మా ఫ్రిజ్జులోంచి తీసిన ఆ ముక్క ఎలా ఉంటుందో ఆ ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఆ చుట్టుపక్కల దాన్ని చూసినవాళ్ళం నేనూ మా తాతయ్యా మాత్రమే.

గట్టు మీద వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవారు. ఒకాయన మా తాతయ్య వినేలా, "చదువుకుంటే ఏం లెండి, బురద వాళ్ళని మర్చిపోదు" అన్నాడు. మా తాతయ్య నవ్వారు. ఆ నవ్వు సర్దుకుని, కాలవలోకి చూసి, ఎండెక్కుతోంది మేష్టారూ, ఎందుకండీ ఇంత శ్రమ అని కేకేశారు.

"ఆయ్, అయిపోవచ్చిందండి" అన్నారు మేష్టారు, తల ఎత్తకుండా.

నేను అరుగు మీద ముంజలు తింటున్నాను. నాకు జాలి వేసిందని రాసుకుంటే బాగుండును. వెయ్యలేదు. నా లెక్కలు దిద్దే మనిషికి తెలియనిది నాకు తెలుసన్న గొప్ప ఉంది. ఆ గొప్ప ముంజ నీళ్ళకన్నా తియ్యగా ఉంది.

చివరికి మేష్టారికి ఓ ఆలోచన తట్టింది. పల్చటి కాగితమూ పెన్సిలూ మెకానిక్ చేతికిచ్చి, కంప్రెసర్ రేకు మీద కాగితం అదిమి, పైన పెన్సిలుతో రుద్దమన్నారు. కంటికి కనబడని అంకెలు కాగితం మీద తెల్లగా తేలాయి. ఆ కాగితం పట్టుకుని రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి, నాలుగు రోజులు పాత ఇనప సామాన్ల కొట్లు తిరిగారు. అవే అంకెలున్న కంప్రెసర్ ఒకటి ఎక్కడో మూల పడి ఉంటే, దాని రిలే తీయించి తెచ్చారు.

మెకానిక్ దాన్ని నొక్కి పెట్టి స్విచ్చి వేశాడు. ఫ్రిజ్జు ఒక్కసారి ఒళ్ళు విదిల్చి, సన్నగా పాడడం మొదలుపెట్టింది. మెకానిక్ పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"రిలే కాలిపోతే అది మోటారుకి గుచ్చుకునే పుల్లల మీద మసి ఉండాలండి. మొదటి రోజే చూశాను, తళతళలాడుతున్నాయి."

మా తాతయ్య వక్కపలుకు ఒకటి నోట్లో వేసుకున్నారు. మేష్టారు గుమ్మం అవతలే ఉన్నారు, కేరేజీ చేతిలో ఉంది, కూతురు పక్కనే ఉంది. ఆయనకి వినబడింది. మొహంలో ఏమీ కదలలేదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన సూటిగా అడిగారు.

"బాగయిందండి బాబుగారూ. పాప మందు పెట్టుకోవచ్చాండీ?"

ఇక పాడవడానికి ఏమీ మిగల్లేదు. మా తాతయ్య ఒక్క క్షణం పైకప్పు చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మడూ, లోపల చోటుందేమో చూసి మేష్టారికి చెప్పమ్మా."

నాయనమ్మ తాళంచెవి ఇచ్చింది. నేను తలుపు తీశాను. మూడు వారాలుగా ఆగి ఉన్న ఫ్రిజ్జు. నాయనమ్మ ఎప్పుడో అంతా తీసేసి తుడిచి పెట్టింది. లోపల దీపం వెలిగింది. నాలుగు అరలూ ఖాళీ. తలుపు బార్లా తెరుచుకుని ఉంది, గుమ్మంలోంచి మేష్టారూ కూతురూ, పక్కనుంచి మెకానిక్ చూస్తున్నారు. నేను తాతయ్య మొహం చూశాను. ఆయన నన్ను ఎంతో ముద్దుగా చూస్తున్నారు.

"చోటు లేదండి" అన్నాను.

ఆ పిల్ల వాళ్ళ నాన్న చెయ్యి లాగి, మెల్లిగా అడిగింది. "లోపల దీపం కూడా ఉంటుందా నాన్నా?"

"ఉంటుందమ్మా. పద" అన్నారు మేష్టారు. మా తాతయ్యకి దణ్ణం పెట్టి, వస్తానండి అని చెప్పి వెళ్ళిపోయారు. మెకానిక్ తనకిచ్చిన కాఫీ ముట్టలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక మా తాతయ్య నా తల నిమిరారు. పెద్దవాళ్ళం కాదంటే మాట మిగిలిపోతుందమ్మా, చిన్నపిల్లలంటే ఎవరూ తప్పు పట్టరు అని చెప్పారు. ఆయన నాకు నేర్పిన చాలా మంచి విషయాల్ని ఏ గొంతుతో చెప్పారో, ఇదీ అదే గొంతుతో చెప్పారు.

జూన్ మొదట్లో ఆ పిల్లకి స్పృహ తప్పింది. కాకినాడ చేర్చేటప్పటికి ప్రాణం ఉంది, మర్నాడు పోయింది. కుండలో మందు ఎప్పుడో చచ్చిపోయిందని, వేసిన సూదులన్నీ ఉత్తివేనని డాక్టరు చెప్పారట. మా తాతయ్య వాళ్ళ పేటకి వెళ్ళారు. అంతకు ముందెన్నడూ ఆయన అక్కడ అడుగు పెట్టలేదు. మేష్టారి చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నేను వెంట ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అది దొంగ ఏడుపు కాదు. మేష్టారు ఆయనకి కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నారు.

బడి తెరిచాక ఆ ఏడాదంతా మేష్టారు నాకు లెక్కలు చెప్పారు. నా పుస్తకంలో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, పక్కన సరైన జవాబు రాసి, రెండు చేతులా తిరిగి ఇచ్చేవారు. ఒక్క రోజు కూడా గొంతు పెంచలేదు. ఒక్క దెబ్బ వేస్తారేమోనని ఏడాదంతా ఎదురు చూశాను.

ఇప్పుడు నాకు మోకాళ్ళు సరిగ్గా పని చెయ్యవు. అయినా ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తే, ఇంట్లో పిల్లల్ని గుమ్మంలోకి పంపనివ్వను. నేనే లేచి వెళతాను. ఇవ్వగలిగితే ఇస్తాను. ఇవ్వకూడదనుకుంటే, ఇవ్వను అని నా నోటితోనే చెబుతాను. వచ్చినవాళ్ళ మొహం చిన్నబోతుంది, ఒక్కోసారి తిట్టుకుంటూ పోతారు, ఇంకోసారి మా గుమ్మం ఎక్కరు. మా కోడలు నన్ను కటువు మనిషంటుంది. ఆ మాట పడడం నాకు తేలికే.