నవంబరు పన్నెండు నాటి ఆశ్చర్యార్థకం

సూర్యకళ చదువు ఏమిటో ఫిషింగ్ హార్బర్‌లో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. ఒకరు అణుబాంబు అంటారు, ఒకరు రాకెట్టు అంటారు. చేపల వేలం దగ్గర గంపలు లెక్కపెట్టే ఆమె తల్లి చిట్టమ్మయితే ఏకంగా "మా గుంట డాట్రమ్మ" అని ఎనిమిదేళ్ళుగా చెప్పుకు తిరుగుతోంది. ఆ మాట నమ్మి మోకాళ్ళ నొప్పులకు మందు రాయమని వచ్చినవాళ్ళూ ఉన్నారు. సూర్యకళ వాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫలానా ఆస్పత్రికి వెళ్ళమని చెప్పి పంపేది. ఇంకేం చేస్తుంది మరి?

ఆమె చేసేది లెక్క. యూరప్‌లో భూమి అడుగున ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టే కొలైడర్ ఉంది. ఆ ఢీకొట్టడంలో టాప్ క్వార్క్ పుడుతుంది. మనకు తెలిసిన మూలకణాల్లో దానికంటే బరువైనది లేదు. దానికి జంటగా చార్జ్‌డ్ హిగ్స్ అనే మరో కణం కూడా పుట్టవచ్చని కొన్ని సిద్ధాంతాలు చెబుతాయి. ఇంతవరకూ దాన్ని చూసిన మనిషి లేడు. అసలు ఉంటే ఎన్నిసార్లు పుడుతుంది, ఎక్కడ వెతికితే దొరుకుతుంది? ఇదీ సూర్యకళ పట్టుకున్న లెక్క. ఒకపూట ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, రెండోపూట యూనివర్సిటీకి బస్సెక్కుతూ ఎనిమిదేళ్ళు పీహెచ్‌డీ కోసం దాన్నే నమ్ముకుంది. మూడేళ్ళ కిందట ఆమె, ఆమె గైడు ప్రొఫెసర్ తిరుమలరావు కలిసి ఒక పేపరు వేశారు. ఫలానా బరువు దగ్గర వెతికితే ఆ కణం కనిపించవచ్చన్నారు. థీసిస్ అంతా ఆ పేపరు మీదే నిలబడి ఉంది. ఈ నెల ముప్పైలోగా దాన్ని ఇచ్చెయ్యాలి. లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు. ఇవ్వగలిగిన పొడిగింపులన్నీ యూనివర్సిటీ ఇచ్చేసింది.

ఇరవై ఒకటో తారీఖు ఉదయం, నాలుగో అధ్యాయంలో ఒక గ్రాఫును శుభ్రంగా మళ్ళీ గీద్దామని కూర్చుంది. అక్కడ దొరికింది తప్పు.

ఆ జంట పుట్టుకకు రెండు దారులు లెక్కకట్టాలి. ఆ రెండు దారులూ కొంతమేర ఒకటే దారి. అందుకని రెండూ కలిపాక ఉమ్మడి ముక్కను ఒకసారి తీసెయ్యాలి. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకు సూర్యకళ దీన్ని తల్లి పనితోనే చెప్పేది. పడవ మీద లెక్కైన గంపను షెడ్డులో మళ్ళీ లెక్కపెడితే సముద్రంలో లేని చేప పుట్టుకొస్తుంది. అందుకే చిట్టమ్మ, లెక్కైన ప్రతి గంప మీదా ఒక చేపను అడ్డంగా పడేస్తుంది. అడ్డచేప కనిపిస్తే ఆ గంప జోలికి మళ్ళీ పోదు.

తెర మీద వచ్చిన మొత్తాన్ని చూసి సూర్యకళ కళ్ళు నులుముకుంది. రెండు దారులనూ ఊరికే కూడితే ఎంత రావాలో సరిగ్గా అంతే వచ్చింది. తగ్గాల్సినది ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. ప్రోగ్రాం తెరిచింది. ఉమ్మడి ముక్కను తీసేసే వరుస ఉండనైతే ఉంది. దాని ముందు ఒక ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది. ఆ పాత ప్రోగ్రాం భాషలో ఆ గుర్తు పెడితే కంప్యూటరు ఆ వరుసను చదవకుండా దాటిపోతుంది. పక్కనే తను రాసుకున్న మాట: పరీక్ష కోసం పెట్టాను, సాయంత్రం తీసెయ్యాలి, నవంబరు పన్నెండు. ఆరేళ్ళ కిందటి తారీఖు.

ఆ రోజును ఆమె ఎలా మరిచిపోతుంది? ఆ గుర్తు పెట్టిన పది నిమిషాలకే చిట్టమ్మ ఫోను చేసింది. తండ్రి సూరన్న వెళ్ళిన బోటు రావాల్సిన రోజు దాటి రెండు రోజులైంది, పైగా వాయుగుండం. సూర్యకళ కుర్చీలోంచి లేచిన మనిషి లేచినట్టే హార్బర్‌కు పరుగెత్తింది. నాలుగు రోజులు అక్కడే ఉండి, ఇంగ్లీషులోనూ వచ్చీరాని హిందీలోనూ ప్రతి ఆఫీసుకూ ఫోను చేసి, బోటు ఎటు కొట్టుకుపోయి ఉంటుందో చెప్పి పోరుపెట్టింది. అయిదో రోజు గోపాలపూర్ దిక్కున ఒక ఓడ వాళ్ళను చూసింది. "మా గుంట ఫోనే నన్ను ఒడ్డుకు లాగింది" అని సూరన్న ఇప్పటికీ కనపడినవాళ్ళందరికీ చెబుతాడు. ఆ సంబరంలో ప్రోగ్రాం సంగతి ఎవరికి గుర్తు? అంకె పెద్దదిగా వస్తే, అది తాము ఎంచుకున్న సిద్ధాంతం గొప్పే అనుకున్నారు గురువూ శిష్యురాలూ.

ఆ మధ్యాహ్నమే యూనివర్సిటీకి వెళ్ళి చూపిస్తే, తిరుమలరావు గారు అరగంట చూసి కళ్ళజోడు తీశారు.

"ఎంత తగ్గుతుంది?"

"మూడోవంతు పైనే సర్. మనం కనిపిస్తుందన్నచోట ఇక కనిపించదు."

"మొత్తం మళ్ళీ చెయ్యాలంటే?"

"తక్కువలో తక్కువ మూడు నెలలు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సబ్మిట్ చేసెయ్యమ్మా. డిగ్రీ వచ్చాక పేపరుకు సవరణ పంపుదాం. పేరు నాది కూడా ఉందిగా, ఆ తిట్లేవో నేను తింటాను."

చెడ్డవాడు చెప్పిన మాటైతే కాదనడం తేలిక. ఈయన ఎనిమిదేళ్ళుగా ఆమె కోసం గడువులు అడిగి అడిగి ఆఫీసులో లోకువైన మనిషి. తిరుగు బస్సులో సూర్యకళ అనుకుంది కదా, ఎవరు చూడొచ్చారని. ఆ ఆలోచన ఆమెకు నచ్చింది. నచ్చినందుకు సిగ్గుపడింది. అయినా రెండు రోజులు ఆ గ్రాఫునే పెట్టుకుని నాలుగో అధ్యాయం టైపు చేసింది. దాచడమెందుకు, చేసింది.

మూడో రోజు హిమబిందు వచ్చింది. ఆనందపురం దగ్గర రైతుల పిల్ల, అదే ల్యాబులో జూనియరు. చేతిలో లాప్‌టాప్, భుజాన పొలంలో కోసిన వంకాయల సంచి.

"అక్కా, సాయంత్రానికి నా పేపరు పంపిచ్చీతన్నాను. ఒకసారి సూసీ."

సూర్యకళ చూసింది. మొదటి పట్టికలో మొదటి అంకె తనదే. మిగతావన్నీ దాని మీద కట్టినవి.

"ఇది నువ్వు మళ్ళీ సరిచూసుకున్నావా?"

"నువ్వు సేసిన అంకె కదక్కా," అని నవ్వింది హిమబిందు. "నీ లెక్క మళ్ళీ సూడ్డవేటి?"

తన థీసిస్ తన పాపం, మోసుకుపోవచ్చు. ఈ పిల్ల ఏం చేసింది? "పంపకు," అంది సూర్యకళ. గుర్తు సంగతి, మూడోవంతు సంగతి అంతా చెప్పింది.

హిమబిందు ఏడవలేదు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూడు రోజులైంది."

"మూడు రోజులు ఊరుకున్నావా అక్కా? ఏడాదిన్నర నాను దీని మీదే కూకున్నాను." లాప్‌టాప్ మూసి వెళ్ళిపోయింది. వంకాయల సంచి బల్ల మీదే మరిచిపోయింది.

ఇరవై ఆరున, థీసిస్ ఇచ్చే ముందు చెప్పాల్సిన సెమినార్. సూర్యకళ రెండు గ్రాఫులూ పక్కపక్కనే పెట్టింది, పాతదీ సరిచేసినదీ. పాతదాని మీద, ఇది తప్పు అని పెద్ద అక్షరాలతో రాసింది.

"అయితే మీ ఫలితం ఏమిటమ్మా?" అన్నారు బయటినుంచి వచ్చిన పెద్దాయన.

"మేం కనిపిస్తుందన్నచోట కనిపించదు సర్. ఇవాళ్టికి నా దగ్గరున్నది అదే."

"ఈ పొరపాటు ఎప్పుడు జరిగింది?"

"ఆరేళ్ళ కిందట, నవంబరు పన్నెండు, మధ్యాహ్నం."

తిరుమలరావు గారు లేచి నిలబడి, తప్పులో తన పేరూ రాసుకోమన్నారు. చివరి వరుసలో హిమబిందు అంతా నోట్సు రాసుకుని, ఇటు చూడకుండానే బయటికి నడిచింది. సూర్యకళ ఫోను చేస్తే ఎత్తలేదు. ముప్పయ్యో తారీఖు వచ్చింది, పోయింది.

ఆ మర్నాడు సాయంత్రం హార్బర్ వెనక ఇంట్లో చెప్పక తప్పలేదు. సూరన్న గుమ్మం దగ్గర వల బాగుచేస్తున్నాడు. ఆ అయిదు రోజుల తరవాత అతను మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. చిట్టమ్మ వేలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"అయితే డాట్రమ్మవి కావేటి?"

"మళ్ళీ మొదట్నుంచి సేరాలమ్మా. ఆళ్ళు సీటిస్తే."

"ఎనిమిదేళ్ళు సదివావే," అంది చిట్టమ్మ. "పొద్దున్నే కూడు కూడా తినకుండా ఎల్లీదానివి. ఒక్క గుర్తు తియ్యడం ఎలా మరిసిపోయావే? ముప్పయ్యేళ్ళనుంచి గంపలు లెక్కెడతన్నాను, అడ్డసేప ఎయ్యడం నానేనాడైనా మరిసానేటి?"

సూర్యకళ తల వంచుకుంది. తల్లి అడిగినదాంట్లో తప్పు లేదు.

సూరన్న వల అల్లే సూది ఆపాడు. "దాన్నేటీ అనకే. అది మరిసీ మనిసి కాదు. ఆ రోజు ఏటైనాదో ఏటో." కూతురి వైపు తిరిగాడు. "ఏ రోజమ్మా అది?"

హాలు నిండా మనుషుల ముందు పూటతో సహా చెప్పిన తారీఖు, సూర్యకళ నోటిదాకా వచ్చింది. తండ్రి ముఖంలోకి చూసింది.

"గురుతు నేదయ్యా," అంది.

సూరన్న తల పంకించి మళ్ళీ వల అందుకున్నాడు. సూర్యకళ అతని పక్కన కూర్చుని, చిరిగిన రెండో కొసను పట్టుకుంది.