పసుపు బెల్టూ పచ్చ గాజులూ

మా తిరువూరులో కరాటే అనే మాటని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు. కల్యాణ మండపం మెట్ల దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీద ‘కరాటే’ అని ఉంటుంది. దాని పక్క గోడ మీద రంగుతో ‘కరాఠే’ అని ఉంటుంది. మా మరిది మెసేజుల్లో అది ‘కరాటి’. మా అత్తగారికి ఈ గొడవే లేదు, ‘ఆ కొట్టుడు క్లాసు’ అంటారు. నలభై దాటాక ఆ కొట్టుడు క్లాసులో చేరిన ఘనత మా వీధి మొత్తానికి నాదొక్కదానిదే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఒకరోజు కరాటే నేర్పే అమ్మాయి తెల్ల డ్రెస్సులు పట్టుకొచ్చింది, పొడవు తగ్గించాలని. కుట్టడం అయ్యాక వాటిల్లో పెద్ద సైజుది నేనే తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. “ఆంటీ, ఒక్క పంచ్ కొట్టండి చూద్దాం” అంది వాటిని తీసుకెళ్ళడానికి వచ్చిన ఆ అమ్మాయి, సరదాకి. కొట్టాను. మిషను మీదున్న దారం రీళ్ళ డబ్బా ఎగిరి అవతల పడింది. రీళ్ళు గదంతా దొర్లిపోయాయి. ఆ చప్పుడు నాకెంత నచ్చిందంటే, మర్నాడు పొద్దున్నే వెళ్ళి చేరిపోయాను.

క్లాసు జరిగేది కల్యాణ మండపం మేడమీది హాల్లో. ముహూర్తాలున్న రోజుల్లో సెలవు. పెళ్ళైన మర్నాడు ఎంత ఊడ్చినా అక్షింతలు కాళ్ళకి గుచ్చుకునేవి. చేరిన రోజే మేడమ్ (నా వయసులో సగం ఉంటుంది, అయినా మేడమే) ఆ మాటకి అర్థం చెప్పింది. ‘కర’ అంటే ఖాళీ, ‘టే’ అంటే చెయ్యి. కర్రా కత్తీ లేకుండా వట్టి చేతులతో చేసే పోరాటం. అయితే మొదట్లో ఆ మాటని ‘చైనా చెయ్యి’ అనే అర్థం వచ్చే అక్షరంతో రాసేవారట, ఆ విద్య చైనా వైపు నుంచి జపాను దీవుల్లోకి వచ్చింది కాబట్టి. తర్వాత జపాను వాళ్ళు పలుకు అలాగే ఉంచి అక్షరం మార్చేశారు, దాంతో అది ‘ఖాళీ చెయ్యి’ అయింది.

నాకు తెలిసిన విషయం కడుపులో దాగదు. ఇంటికి రాగానే అత్తగారికి మొత్తం అప్పజెప్పాను.

“ఖాళీ చెయ్యా? అదేం పేరే?” అని మొహం చిట్లించారు. మర్నాడు నేను బయల్దేరుతుంటే అరటిపళ్ళ అత్తం ఒకటి నా చేతిలో పెట్టారు. “గురువు దగ్గరికి ఖాళీ చేతుల్తో ఎవరైనా వెళ్తారా?” మేడమ్ ఆ రోజు పంచులు ఆపి అందరికీ పళ్ళు పంచింది.

అసలు చిక్కు గాజులతో వచ్చింది. మా పక్కనున్న నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళినప్పుడు అత్తగారు నాకు పచ్చ మట్టిగాజులు కొన్నారు. క్లాసులో వాటిని మోచేతి దాకా ఎక్కించి చేతిరుమాలు కట్టుకునేదాన్ని. మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకునేది. కానీ పసుపు బెల్టు పరీక్షకి విజయవాడ నుంచి పెద్దసారు వస్తున్నారు. పగిలితే ఎదుటివాళ్ళకి గుచ్చుకుంటాయి కాబట్టి గాజులు ఉండకూడదు, చేతికి దారం కూడా కుదరదు. మంగళసూత్రం మాత్రం లోపలికి దోపి ప్లాస్టరు అంటించుకోవచ్చట.

ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పాను. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

“తెల్ల బట్టలూ, బోసి చేతులూనా? నా కొడుకు ఉండగానే?”

“ఉన్నానమ్మా, ఉన్నాను. కాస్త పప్పు వెయ్యి” అన్నారు మా ఆయన.

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకి కోపం ఆగలేదు. “చైనా చెయ్యి అన్నప్పుడే బాగుంది. ఆ జపానోళ్ళని మార్చమని ఎవరడిగారు?”

కానీ నాకా బెల్టు కావాలి. పాటల్లో, పరుగుల్లో, ముగ్గుల్లో, ఏ పోటీలోనూ నాకు ఓ స్టీలు గిన్నె అయినా రాలేదు. ఈ ఒక్కటైనా గెలవాలని చిన్నపిల్లలా ఆశపడ్డాను. నాకసలే నోరు ఎక్కువ. “ఈ కాలంలో కూడా గాజులేంటి అత్తయ్యా?” అని గట్టిగానే అనేశాను.

ఆవిడ తిట్టలేదు. “గాజులు తియ్యడమంటే ఏంటో నీకు తెలీదమ్మాయ్. నాకు తెలుసు” అన్నారంతే.

మా మామగారు పోయినప్పుడు తీసేసిన గాజులు ఆవిడ మళ్ళీ వేసుకోలేదు. నెమలి వెళ్ళిన ప్రతిసారీ గాజుల కొట్టు ముందు ఆవిడ చాలాసేపు నిలబడతారు. నా సైజు కంటితోనే చెప్పి కొంటారు, తన చేతికి పెట్టి చూసుకోరు. ఇదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. నాకు చాలా బాధేసింది. పరీక్షకి రానని మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను.

పరీక్ష రోజు పొద్దున్న నేను కాజాలు కుట్టుకుంటుంటే అత్తగారు ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో మళ్ళీ అరటిపళ్ళు.

“పద.”

“ఎక్కడికండీ?”

“ఇంకెక్కడికి? ఆ కొట్టుడు క్లాసుకి.”

కింద ఎవరిదో బారసాల ఉందని హాల్లో కుర్చీలన్నీ అక్కడికి పట్టుకుపోయారు. వేదిక మీద పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కూర్చునే బంగారు రంగు సోఫా ఒక్కటే మిగిలింది. అత్తగారు తడుముకోకుండా వెళ్ళి దాని మధ్యలో కూర్చున్నారు. కొంగు ముడి విప్పి సబ్బు ముక్క తీశారు. “చేతులు ఇలా ఇవ్వు” అన్నారు.

నా చేతికి సబ్బు రాసి ఒక గాజు మెల్లిగా లాగారు. అది ఇటు రాగానే అటు తన చేతికి తొడుక్కున్నారు. మళ్ళీ ఇంకొకటి. అన్నీ అలాగే. బక్కచిక్కిన చేతులు, గాజులు జారినట్టు ఎక్కేశాయి.

“గాజులు చేతికుండాలి. ఎవరి చేతికైతే ఏం?” అన్నారు.

పిల్లల్ని తీసుకొచ్చిన ఒకావిడ ‘చ్చొచ్చొ’ అంది. నేను పిడికిలి బిగించి ఆవిడ వైపు చూశాను. ఆ రోజుకి నా మొదటి పరీక్ష అక్కడే పాసయ్యాను.

ఇక ఆ తర్వాత నన్ను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. తన్నులు తన్నాను, గుద్దులు గుద్దాను. మడమకి అక్షింత గుచ్చుకున్నా ఆగలేదు. నేనొక అరుపు అరిస్తే కింద సాంబారు కాస్తున్న వంటాయన గరిటెతో సహా పైకొచ్చి చూశాడు. అత్తగారు చప్పట్లు కొట్టకూడని చోటల్లా కొట్టారు, గాజుల చప్పుడు హాలంతా వినపడింది. పెద్దసారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఆ సోఫా మీద ఆవిణ్ణి చూసి, మళ్ళీ ఇటు తిరిగారు. చివరికి పసుపు బెల్టు నా నడుముకి కట్టారు. నేను ఎగిరి గంతేశాను, ఆ వయసులో.

తిరిగి వస్తుంటే అత్తగారు బస్టాండు దగ్గర గాజుల కొట్టు ముందు ఆటో ఆపించారు. నా సైజు కంటితోనే చెప్పి ఎర్ర మట్టిగాజులు తీయించి, నా రెండు చేతులకీ తానే తొడిగారు. ఆవిడ చేతులకి పచ్చవి అలాగే ఉన్నాయి.

“మరి నా పచ్చ గాజులో, అత్తయ్యా?” అన్నాను.

ఆవిడ చేతులు కొంగు కింద దాచుకోలేదు. ఎండలోకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

“ఖాళీ చెయ్యి నేర్చుకుంటోంది నువ్వు కదే, నేను కాదుగా” అన్నారు.