ఆలస్యమవుతోందని చెప్పే ఉత్తరం

మెయిల్ సర్వర్ మన దగ్గరే ఉంచుకోవాలా, హైదరాబాద్ కంపెనీకి అప్పగించాలా అని మా ఓనరు గారు అడిగిన రోజున నేను రెండో దానికి ఒప్పుకుని ఉంటే, రేపల్లెలో ఒక టీచరు గారి బతుకు మరోలా ఉండేదేమో. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ధైర్యం వచ్చి కాదు. దాచుకుని సాధించింది ఏమీ లేదని తెలిసి.

రెండువేలు దాటి నాలుగైదేళ్ళయిన కాలం. తెనాలి మెయిన్ బజారు వెనక ఒక మేడ మీద రెండు గదులు, అదీ మా కంపెనీ. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇళ్ళకీ కొట్లకీ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళం. కనెక్షన్ తీసుకున్న ప్రతివాళ్ళకీ మా పేరు మీద ఒక మెయిల్ అడ్రసు కూడా ఇచ్చేవాళ్ళం. ఆ మెయిలంతా లోపలి గదిలో నేను నా చేత్తో బిగించిన ఒక పాత కంప్యూటర్ మీద నడిచేది. దానికి ఏసీ లేదు, టేబుల్ ఫ్యాను ఉండేది. కరెంటు పోతే ఇన్వర్టరు కుయ్యిమనేది, నేను అన్నం ముందు నుంచైనా లేచి పరిగెత్తేవాణ్ణి. ఆ పెట్టె మీద నా మమకారం చూసి ఆఫీసులో అందరూ నవ్వుకునేవాళ్ళు.

"మనకెందుకయ్యా ఈ తద్దినం? హైదరాబాద్ వాళ్ళకి ఇచ్చేద్దాం. మనం లైన్లు చూసుకుంటే చాలదా?" అన్నారు ఓనరు గారు.

"మన కస్టమర్ల ఉత్తరాలు ఎవరి చేతిలోనో పెడతామా అండి? ఏదైనా తేడా వస్తే వాళ్ళు ఎవర్ని అడుగుతారు? ఇక్కడైతే నన్నడుగుతారు" అన్నాను.

ఆయనకి నా మాట మీద గురి. సరే నీ ఇష్టం అన్నారు. నాకు కొమ్ములు మొలిచినట్టే అయింది.

ఇక్కడ సర్వర్ గురించి కొంచెం చెప్పాలి. మెయిల్ అవతలికి చేరకపోతే అది వెంటనే చేతులెత్తేయదు, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. నాలుగు గంటలైనా పని కాకపోతే, పంపినవాళ్ళకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాస్తుంది. మీ మెయిల్ ఇంకా చేరలేదు, ఆలస్యమవుతోంది, ప్రయత్నిస్తూనే ఉన్నాను అని. ఐదు రోజులైనా కుదరకపోతే అప్పుడు మెయిల్ని వెనక్కి తిప్పి పంపుతుంది. చక్కటి పద్ధతే. కానీ మావాళ్ళకి ఆ మొదటి ఉత్తరమంటే టెలిగ్రాం వచ్చినంత భయం. అంగలకుదురు నుంచి ఒక ధాన్యం వ్యాపారి దాన్ని ప్రింటు తీయించుకుని ఆటోలో వచ్చాడు. "ఏంటండీ ఇది, కోర్టు నోటీసా?" అన్నాడు. చెరుకుపల్లి నుంచి ఒకాయన రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి నా బుర్ర తినేవాడు. అసలే నాకు ముక్కు మీద కోపం. ఒక మధ్యాహ్నం విసుగెత్తి, ఆ ఉత్తరం అసలు ఎవరికీ వెళ్ళకుండా ఆపేశాను. ఒక్క లైను మార్చాను, అంతే. ఫోన్లు ఆగిపోయాయి. సర్వర్ని దారికి తెచ్చావని ఓనరు గారు మెచ్చుకుంటే, నోరు మూసుకుని ఆ మెప్పు తీసుకున్నాను.

రేపల్లె టీచరు గారు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆ స్కూల్లో ఉన్న రెండు కంప్యూటర్ల మీద పిల్లలకి కంప్యూటర్ పాఠం చెప్పేదీ ఆవిడే. ముస్లిం కుటుంబం. భర్త పోయాక కూతుర్ని తీసుకుని అన్నగారింట్లో ఉంటున్నారు. "మా వదిన ఒక్క మాటా అనదు తమ్ముడూ. అదే కష్టం" అన్నారు ఒకసారి నాతో. బెంగళూరు వైపు ఒక రెసిడెన్షియల్ స్కూలుకి మేమిచ్చిన అడ్రసు నుంచే అప్లికేషను పంపారు. ఉద్యోగం వచ్చింది. ఉండడానికి క్వార్టర్సు, కూతురికి అక్కడే చదువు. శనివారంలోగా ఒప్పుకుంటున్నట్టు మెయిల్ రావాలి, రాకపోతే తర్వాతి వాళ్ళకి ఇస్తామని రాశారు వాళ్ళు. ఆవిడ మంగళవారమే పంపారు.

గురువారం పొద్దున నాకు ఫోన్ చేశారు.

"తమ్ముడూ, మొన్న ఉద్యోగం వాళ్ళకి మెయిల్ పంపానయ్యా. వెళ్ళిందంటావా? వాళ్ళ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు."

చూసి చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ నా ముందు ఇడ్లీ చల్లారిపోతోంది.

"వెళ్ళిపోయుంటుందండి. వెళ్ళకపోతే మీకు ఉత్తరం వచ్చేదిగా" అన్నాను. ఆ ఉత్తరం ఆపేసినవాణ్ణి నేనే. ఆ క్షణాన గుర్తుకు రాలేదని చెప్పుకోవచ్చు. గుర్తు చేసుకోవాలని నేను చూడలేదు.

"అయితే సరే. మాటిమాటికీ వాళ్ళని విసిగించటం ఎందుకులే" అని ఫోన్ పెట్టేశారు.

మెయిల్ వెళ్ళలేదు. బాపట్లలో మా కస్టమరు కంప్యూటర్ ఒకదానికి వైరస్ పట్టి, మా సర్వర్ మీదుగా లోకమంతటికీ చెత్త మెయిళ్ళు పోతున్నాయి. ఆ స్కూలు మెయిల్ చూసుకునే పెద్ద కంపెనీ మమ్మల్ని దొంగల జాబితాలో వేసి, మా దగ్గర్నుంచి ఏది వెళ్ళినా తర్వాత రమ్మంటోంది. ఆవిడ మెయిల్ నాకు ఆరడుగుల దూరంలో, టేబుల్ ఫ్యాను గాలిలో, ఐదు రోజులు పడి ఉంది. ఆదివారం వెనక్కి వచ్చింది. సోమవారం ఆవిడ ఆ స్కూలుకి ఫోన్ చేస్తే, ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు.

మర్నాడు రేపల్లె పాసింజరు బండిలో తెనాలి వచ్చారు. తిరిగొచ్చిన మెయిల్ ప్రింటు నా చేతికిచ్చి, బల్ల అవతల కూర్చున్నారు. చదివాను. పంపిన తేదీ ఉంది, తిరిగొచ్చిన తేదీ ఉంది, కారణం కూడా ఉంది. అడ్రసులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ సాంకేతిక భాష చదివేవాణ్ణి ఆ మూడూళ్ళలో బహుశా నేనొక్కణ్ణే. ఏవేవో అంటూ నీళ్ళు నమిలాను. చివరికి ఆవిడే అడిగారు.

"నేనే అడ్రసు తప్పు కొట్టుంటాను కదూ?"

కాదండి అనాలి. ఒకే ఒక్క మాట.

"అయ్యుండచ్చండి" అన్నాను.

ఆవిడ ఆ కాయితం తీసుకుని మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. "నా ఖర్మకి నువ్వేం చేస్తావులే తమ్ముడూ" అన్నారు. కాఫీ తాగి వెళ్ళమన్నాను. బండి టైమైందని దిగి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చిన మెయిల్ కాపీ సర్వర్లోనూ ఉంది, దాని కింద ఆ స్కూలు నంబరుంది. ఫోన్ చేసి, తప్పు మాదండి, ఆవిడ సమయానికే పంపారు అని చెప్పొచ్చు. రెండు రోజులు ఆ నంబరు జేబులో పెట్టుకు తిరిగాను. ఉద్యోగం ఎలాగూ పోయింది, చెప్పి ఏం లాభం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. మా పేరు దొంగల జాబితాలో ఉందని మాత్రం ఓనరు గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఇప్పుడైనా ఇచ్చేద్దామా?" అన్నారు. ఇచ్చేద్దామండి అన్నాను.

హైదరాబాద్ వాళ్ళ దగ్గర మెయిళ్ళు తప్పిపోవా అంటే, అక్కడా పోయేవి. కస్టమరు ఎవరైనా అడిగితే వాళ్ళ నంబరు ఇచ్చి చేతులు దులుపుకునేవాణ్ణి. అది నాకు హాయిగానే ఉండేది. నా మీద నాకు అసహ్యం వేసింది ఆ హాయి చూసే.

అప్పగించే ముందు ప్రతి కస్టమరుకీ ఫోన్ చేసి కొత్త పాస్‌వర్డు చెప్పాల్సి వచ్చింది. రేపల్లె జాబితాలో టీచరు గారి వంతు వచ్చింది. ఎలా ఉన్నారని అడిగి, పాస్‌వర్డు మారుతున్న సంగతి చెప్పాను.

"నాకొద్దులే తమ్ముడూ. నా అడ్రసు తీసెయ్యి" అన్నారు.

"ఉంచుకోండి. దీనికి వేరే డబ్బులేం లేవండి."

"డబ్బుల గురించి కాదయ్యా. స్కూల్లో కంప్యూటర్ పాఠం కూడా మానేశాను. ఇంకో మేడమ్ గారు చెబుతున్నారు. ఒక అడ్రసు సరిగ్గా కొట్టటం చేతకానిదాన్ని, పిల్లలకేం చెప్తాను?"

ఫోన్ కట్టయిందేమో అనుకుని ఆవిడ రెండుసార్లు హలో అన్నారు.

"సరేనండి" అన్నాను. ఆవిడ అడ్రసు తీసేసి, జాబితాలో తర్వాతి వాళ్ళకి ఫోన్ చేశాను.