హమ్రా పాత ఇంజిన్

మొన్న కరీంనగర్‌లో చెవుల డాక్టరమ్మ నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంది. నా చెయ్యి చాలాసేపు ఒళ్ళోనే ఉండిపోయింది. బయటికొచ్చాక ఆమె కాగితం మీద కిందికి జారిపోయిన గీతను చూపించి, ఏ ఫ్యాక్టరీలో పనిచేశారని అడిగితే, ఫ్యాక్టరీ కాదమ్మా, ఖతర్‌లో రేసు కార్ల ఇంజిన్లు విప్పేవాణ్ణి అన్నాను. పంచె కట్టుకుని వచ్చిన ఈ ముసలాయనకు రేసు కార్లేమిటని అనుకుందేమో, చిన్నగా నవ్వింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పక్కవాడి మాట సగమే వినబడుతోంది గాని, ఆ ఇంజిన్ మోత మాత్రం లోపల ఎక్కడో స్పష్టంగా మోగుతూనే ఉంది. దాంతోపాటు మా బావ మొహం కూడా గుర్తొచ్చింది.

మన ఈడువాళ్ళకు చిన్నప్పుడు కారంటే తాలూకాఫీసు ముందు ఆగే తెల్ల కారు ఒక్కటే. అది ఎక్కడం మాట అటుంచి, దాని అద్దంలో మొహం చూసుకుంటేనే డ్రైవరు కసిరేవాడు. సరిగ్గా ఆ అరవైల కాలంలోనే అమెరికాలో కుర్రకారు కోసం రెండు తలుపులు, పొడవాటి బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టి కార్లు చేసేవారనీ, రెండు కార్లను పక్కపక్కన నిలబెట్టి పావు మైలు తిన్నగా ఉరికించి ఎవరు ముందో తేల్చుకునేవారనీ నాకు ఖతర్ వెళ్ళిన చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. నేను పనిచేసింది దోహా పక్కన, గ్యారేజీలన్నీ ఉండే సనయ్యలో. ఆ షెడ్డు అల్ వక్రాలో ఉండే ఒక పెద్దాయనది. ఆయన్ని అందరం అర్బాబ్ అనేవాళ్ళం, అంటే యజమాని. పికప్పులూ నీళ్ళ ట్యాంకర్లూ బాగుచేస్తూ నేను అక్కడ హెడ్ మెకానిక్‌నయ్యాను.

షెడ్డు వెనక మూల, గుడ్డ కప్పి, అర్బాబ్ అన్నగారి కారు ఉండేది. ఎర్ర కారు గనక అరబ్బీ మాటతో దాని పేరు హమ్రా. ఆ అన్న చిన్నతనంలో ముత్యాల పడవల మీద వెళ్ళి, ఆ తర్వాత చమురు పనిలో కుదురుకుని, అరవైల చివర దాన్ని ఓడలో తెప్పించుకున్నాడట. వక్రా బయట ఉప్పు నేల ఎండి సిమెంటులా గట్టిపడేదనీ, అక్కడ కార్లను జతలుగా నిలబెట్టి రేసు పెట్టేవారనీ, మధ్యలో నిలబడి తలగుడ్డ కిందికి విసిరి రేసు మొదలుపెట్టేది పద్దెనిమిదేళ్ళ తనేననీ అర్బాబ్ చాయ్ తాగుతూ చెప్పేవాడు. మా అన్న కారు స్టార్ట్ చేస్తే సందు సందంతా తెలిసేదని చెబుతూ, ఆ మోతను గొంతుతో అనుకరించి, తనే సిగ్గుపడి నవ్వేవాడు. అన్న పోయి చాలా కాలమైనా నెలకోసారి వచ్చి ఇంజిన్ స్టార్ట్ చేయించి, సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

మా అక్క భర్తను, అంటే మా బావను, వీసా తీయించి ఆ గ్యారేజీకి తెచ్చింది నేనే. డెంటింగ్, పెయింటింగ్ పని ఆయనది. సొట్టపడ్డ రేకును అరచేత్తో తడిమి ఎక్కడ కొట్టాలో చెప్పేవాడు. నాకంటే పెద్దవాడు, ఊళ్ళో అయితే ఆయన ముందు కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు. షెడ్డులో మాత్రం నేను హెడ్ మెకానిక్, ఆయన నా కింద మనిషి. ఆ తేడాను ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు గాని, నేను పట్టించుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఆ దేశానికి వచ్చిందన్న దగ్గర్నుంచి దోహా అంతా తవ్వకాలే. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. వక్రా దాకా మెట్రో లైను లేస్తోంది, అల్ తుమామాలో స్టేడియం పని సాగుతోంది, మన జిల్లాల పిల్లలు బస్సులకు బస్సులు హెల్మెట్లు పెట్టుకుని సైట్లకు వెళుతున్నారు. ఆ ఊపులోనే అర్బాబ్ కొడుక్కి హమ్రాను డ్రాగ్ రేసులో దింపాలని బుద్ధి పుట్టింది. పాత ఇంజిన్ అలసిపోయింది, అమెరికా నుంచి కొత్తది తెప్పిద్దామన్నాడు. తండ్రి ఇష్టం లేకపోయినా కొడుకు మాట కాదనలేక ఒప్పుకుని, నా భుజం మీద చెయ్యేసి ఒక్కటే అడిగాడు. "పురానా ఇంజిన్ సంభాల్ కే రఖో." పాతది భద్రంగా ఉంచమని.

ఇరవయ్యేళ్ళు ట్యాంకర్ల కింద పడుకున్న నాకు అది పండగే. చైన్ కప్పీతో పాత ఇంజిన్ను పైకెత్తి మూలన పెట్టి, కొత్తది దించి, గేరుబాక్సు కలిపి, మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు షెడ్డు రేకులు దడదడలాడాయి. చెవుల్లో దూది పెట్టుకోమని బావ అంటే నేను నవ్వాను.

సరిగ్గా రేసుకు ముందురోజు రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, మా వరుస షెడ్ల వెనకభాగం వెంటనే ఖాళీ చేయాలనీ మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి చెప్పారు. నేను కారు కింద పడుకుని ఉన్నాను. తుక్కు బండి వచ్చి నిలబడింది. బావ వంగి అడిగాడు.

"బామ్మర్ది, గీ పాత ఇంజిన్ గూడ ఏసుడేనా? అర్బాబ్ దాయమన్నడు గద."

"అన్నీ ఎత్తెయ్ బావా. దిమాక్ తినకు. రేపు బండి ట్రాక్ మీద ఉండాలె."

ఆయన ఇంకోసారి అడగబోయి ఆగిన సంగతి నాకు కారు కిందినుంచి ఆయన చెప్పులు చూస్తేనే తెలిసింది. అవి అక్కడే ఆగి, తర్వాత వెళ్ళాయి. అర్బాబ్ మాట నాకు గుర్తులేదని అబద్ధమాడను. గుర్తుంది. పని ధ్యాసలో అది చిన్నదిగా కనిపించింది, అంతే.

మర్నాడు సాయంత్రం రేసు. వెనక టైర్లను నీళ్ళతో తడిపి, నిలబడ్డచోటే గిరగిరా తిప్పి పొగ రేపి, హమ్రా గీత దగ్గరికి వచ్చింది. స్తంభం మీద పసుపు దీపాలు ఒకదాని కింద ఒకటి వెలిగి ఆకుపచ్చ పడగానే ముందు చక్రాలు నేల విడిచినంత పని చేసింది. మేమే గెలిచాం. కొడుకు నన్ను ఎత్తుకుని తిప్పాడు. అర్బాబ్ నెమ్మదిగా వచ్చి సీట్లో కూర్చుని, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, ఒక నిమిషం కాకముందే తెరిచాడు. ఇది మా అన్న గొంతు కాదు అన్నాడు. కోపంగా కాదు, దారి తప్పినవాడిలా. సీజను అయిపోగానే పాత ఇంజిన్ మళ్ళీ పెట్టెయ్యమన్నాడు.

మర్నాటి నుంచి తుక్కు దుకాణాలన్నీ తిరిగాను. ఊరంతా ఇనుము కదులుతున్న రోజులవి. వచ్చింది వచ్చినట్టే నలగ్గొట్టి ఓడకెక్కించామన్నారు. మూడోరోజు సంగతి బయటపడింది. అర్బాబ్‌తో వచ్చిన కొడుకు షెడ్డు మధ్యలో నిలబడి ఎవరు పడేశారని అరిచాడు. బావ తుక్కు బండికి ఎత్తడం నలుగురూ చూశారు. అందరి కళ్ళూ ఆయన మీదికే వెళ్ళాయి. ఆయన నావైపు చూశాడు. నేను చేతిలో ఉన్న పానా తుడుచుకుంటూ తల దించుకున్నాను.

"మైనే డాలా, అర్బాబ్," అన్నాడు బావ. "మాలూమ్ నహీ థా."

నేనే వేశాను, తెలియలేదని. అర్బాబ్ బయటికి వెళ్ళి కారు ఎక్కాడు. కొడుకు మాత్రం బావను ఆ నెలలోనే పనిలోంచి తీసేశాడు. ఆయన తుమామా స్టేడియం సైటులో ఒక కంపెనీకి మారాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, రేకును అరచేత్తో చదివే మనిషి, ఎండలో ఇనుప చువ్వలు మోశాడు. కొన్నాళ్ళాగి అర్బాబ్‌కు నిజం చెప్పి వెనక్కి తెప్పిద్దామని ప్రతి శుక్రవారం అనుకుంటూ, కూర వండి డబ్బాలో పెట్టుకుని ఆయన క్యాంపుకు పోయేవాణ్ణి. ఆయన తింటూ ఊరి కబుర్లు అడిగేవాడు. ఇంజిన్ మాట ఒక్కసారైనా ఎత్తితే బాగుండునని నాకుండేది, ఎత్తితే ఏమి చెప్పాలోనని భయమూ ఉండేది. చివరికి మోకాళ్ళు పట్టేసి, స్టేడియం పూర్తికాకముందే ఆయన ఇంటికొచ్చాడు. నేను తిరిగొచ్చేటప్పుడు అర్బాబ్ నా రెండు చేతులూ పట్టుకుని, వీడు అమీన్ అని కొడుకుతో అన్నాడు. నమ్మదగినవాడని ఆ మాటకు అర్థం. అప్పుడు కూడా నిజం చెప్పకుండానే విమానమెక్కాను.

ఇంటికొచ్చాక అంతకంటే కష్టం మొదలైంది. వాళ్ళింటికి పోయినప్పుడల్లా అన్నం వడ్డిస్తూ అక్క బావను దెప్పేది. నీడపట్టున పని చేసుకోక, ఇంజిన్ పారేసి, ఎండల పడి కాళ్ళు పోగొట్టుకున్నాడని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఈ ఎండాకాలం కొత్త వియ్యపురాలి ముందు కూడా ఆ మాటే అనేసరికి, ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. చుట్టాలు వెళ్ళాక వంటింటి గడప దగ్గర కూర్చుని అక్కకు మొత్తం చెప్పేశాను.

అక్క బావ వైపు తిరిగింది.

"నువ్వెందుకు చెప్పలే ఇన్నేండ్లు?"

"చెప్తే నీకు తమ్ముడు లేకుండ పోతుండె," అన్నాడు ఆయన. తర్వాత నావైపు చూసి, "ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పినవ్ రా? నీ బరువు దించుకున్నవ్. ఇగ ఆమె మోయాలె," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన కోపంగా మాట్లాడటం అదొక్కసారే విన్నాను.

ఇప్పుడు ఆ సనయ్య వరుసలో మా షెడ్డు లేదనీ, విశాలమైన రోడ్డు పడిందనీ, కార్లు కూడా చప్పుడు చేయకుండా జారిపోయేవి వస్తున్నాయనీ, అక్కడే ఉన్న మనవాళ్ళు ఫోనులో చెబుతుంటారు. తుమామా స్టేడియం టీవీలో తెల్లటోపీలా మెరుస్తుంటే అందులో మా బావ మోసిన ఇనుము ఎక్కడుందోనని వెతుక్కుంటాను. ఆ కాలంలో ఇంజిన్ పాడైతే విప్పి, ఎక్కడ అరిగిందో చూసి, మళ్ళీ బిగించేవాళ్ళం. మనుషుల మధ్య అరిగినదాన్ని అట్లా విప్పి బిగించవచ్చని నేను అనుకున్నాను. మొన్న రాఖీ పున్నమికి స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, మధ్యాహ్నం దాకా వాకిట్లో కూర్చున్నాను. అక్క రాలేదు.