తూకం తగ్గించుకున్న బేరం

రోజుకు నలభై ఐదు నిమిషాలు నడవమన్న డాక్టరును ఇరవైకి దించినదాన్ని నేను. అంతటితో ఊరుకోలేదు, తూకమయ్యాక పిడికెడు కొసరు అడిగినట్టు ఆదివారం సెలవు కూడా లాగాను. అనంతపురం పాతూరులో ఇంతకంటే గట్టి బేరం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే మా స్టీలు సామాన్ల అంగడికి రండి, టీ తాగిస్తాను. చక్కెర లేని టీ.

మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆమె మిగల్లేదు. తర్వాత అమ్మకు వచ్చింది. ఆపరేషన్ అయ్యి ఆరేళ్ళుగా అమ్మ బాగుంది. నాకు నలభై దాటినప్పటి నుంచి పోయి చూపించుకొమ్మని అమ్మ ఒకటే పోరు. భయమని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి, అంగట్లో రద్దీ అని చెప్పేదాన్ని. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అమ్మే, ఆమెకు చెప్పవలసిన అబద్ధం కాదది.

చివరికి ఒకరోజు పోయాను. పోతూ పోతూ ఒక తెలివి చేశాను. ఆస్పత్రి తలుపు తీయకముందే నిలబడి మొదటి టోకెన్ నేనే తీసుకున్నాను. బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాను, బోణీ బేరాన్ని ఏ అంగట్లోనూ తిప్పి పంపరు. గిట్టకపోయినా ఇచ్చేస్తారు. ఆ రోజు డాక్టరమ్మకు నేనే బోణీ.

ఆమె నా బరువు చూసింది. ఇంట్లో ఎవరెవరికి వచ్చిందో రాసుకుంది. ఇద్దరికి వచ్చినంత మాత్రాన నాకూ వచ్చి తీరుతుందని కాదంది, కానీ నలుగురి కంటే ఎక్కువ జాగ్రత్త పడాలంది. నడక నలభై ఐదు నిమిషాలు, బరువు పది కిలోలు తగ్గాలి, నూనెలో వేయించినవి వారానికి ఒక్కసారి, ఏడాదికోసారి రొమ్ముకు తీసే ఎక్స్‌రే, మామోగ్రామ్.

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"నలభై ఐదు శానా ఎక్కువ మేడమ్. పదైదు పెట్టుకోండి."

"ఏంది పెట్టుకునేది?"

"నిమిషాలు. పొద్దున్నే వచ్చినాను, బోణీ."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఏం అంగడమ్మా మీది?"

చెప్పాను.

"మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు అమ్మినాడు. ముప్పై ఐదుకు వస్తావా?"

చాలా రోజుల తర్వాత నాకు సమానమైన మనిషి దొరికింది. నేను మోకాళ్ళ నొప్పులు చూపించాను, ఆమె మెట్లెక్కి వచ్చిన నా కాళ్ళను చూపించింది. నేను లేచి తలుపు దాకా పోయి మళ్ళీ వచ్చాను, చీరలంగట్లో చేసినట్టే. ఇరవై దగ్గర తెగింది. "సున్నా మీద ఇరవై మేలే. ఇప్పటికి మొదలుపెట్టు, నెల తర్వాత పెంచుదాం," అంది. ఆ చివరి మాట నేను వినలేదు. పది కిలోలు నాలుగయ్యాయి. బొరుగుల ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ వారానికి రెండుసార్లు అయ్యింది. అదే ఊపులో మామోగ్రామ్ రెండేళ్ళకోసారి చేయండి అన్నాను.

ఆమె నవ్వడం మానేసింది. "దానికి ఒకటే రేటు. రేపే చేయించుకో," అని చీటీ రాసిచ్చింది. చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సు అడుగున దోపాను. ఆ బేరం ఇంకా తెగలేదని నా ఉద్దేశం.

అంగడికి వచ్చి అమ్మ ముందు విజయం ప్రకటించాను. అమ్మ గంగాళం మీద దుమ్ము తుడుస్తోంది.

"నలభై ఐదును ఇరవై చేసినా మా. పది కేజీలను నాలుగు చేసినా."

"నువ్వు ఆడికి పోయింది కొనేకా, అమ్మేకా?"

"కొనేకే."

"మరి ఆయమ్మ నీకిచ్చే సరుకేంది?"

"ఒళ్ళు బాగుండడం."

"సరుకు తగ్గించుకొని వచ్చినావే పిచ్చిదానా. రేటు తగ్గించుకుంటారు గానీ తూకం తగ్గించుకుంటారా యాడన్నా? కేజీ చక్కెరకు పోయి, అర్ధకేజీ చాలని కొట్లాడి గెల్చుకొని వచ్చినావు. మీ నాయన ఉండింటే నిన్ను ఈ గడప తొక్కనిచ్చునా?"

ముప్పై ఏళ్ళుగా తరాజు ముల్లు చూస్తూ పెరిగినదాన్ని. నా పళ్ళెంలోంచి నేనే సరుకు తీసి, ఆమె వెనక్కి తీసుకుంటే గానీ కుదరదని పట్టుబట్టి మరీ వచ్చాను.

"పరీక్షకు చీటీ రాసిచ్చింటాదే, యాడుండాది?" అంది అమ్మ.

"అంగట్లో రద్దీ మా," అన్నాను. అంగట్లో మేమిద్దరమే ఉన్నాం.

సిగ్గుపడ్డాను గాని మారలేదు. ఇరవై నిమిషాల నడకలో ఆరు నిమిషాలు కూరగాయల బండి దగ్గర పోయేవి. చీటీ పర్సులోనే ఎనిమిది నెలలు ఉంది.

తొలకరి పడిన రెండో రోజు అమ్మ పొద్దున్నే చద్దిమూట కట్టింది. "వజ్రకరూరులో వాన బాగా పడిందంట. పోదాం పా."

వాన పడితే అక్కడి చేలల్లో వజ్రాలు తేలతాయని జనం వంగి వెతుకుతారు. దొరికినవాళ్ళ కథలు అందరికీ తెలుసు, దొరికినవాళ్ళే ఎవరికీ తెలియదు. అయినా సరే, పెట్టుబడి లేని వ్యాపారం అనేసరికి నా కాళ్ళు బస్సు కంటే ముందు పరిగెత్తాయి.

అమ్మ గట్టు మీద గొడుగు వేసుకొని కూర్చుంది. నేను చేలోకి దిగాను. "ఆ మూల ఏందో మెరుస్తాండాది చూడు," అనేది అమ్మ. పోయేదాన్ని, గాజుపెంకు. "ఆ చేను దాటినాక ఎవురూ వెతకలేదంట." దాటేదాన్ని.

పక్కన ఒక ముసలాయన కర్రతో మట్టి కెలుకుతున్నాడు. "ఏమప్పా, ఏమన్నా దొరికిందా?" అని అడిగాను.

"నడుమునొప్పి దొరికిందమ్మా. నీకు కావాల్నా, సగం రేటుకిస్తా."

మధ్యాహ్నానికి నాకు శనగగింజంత రాయి దొరికింది. ఎండలో పెడితే కళ్ళు జిగేల్‌మన్నాయి. గట్టు దాకా పరిగెత్తాను, మోకాళ్ళ నొప్పులు గుర్తే లేవు.

"మా, ఇది వజ్రమైతే ఆ చీటీ చించేస్తా. నువ్వు మళ్ళీ అడగకూడదు."

"కాకపోతే?"

"కాకపోతే రేపే పోతా."

అమ్మ చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను. మా ఇంట్లో చేతిలో చెయ్యి పడితే మాట తిరగదు. ముసలాయన్ను పిలిచి చూపించాం. ఆయన రాయిని నోట్లో పెట్టుకొని, తీసి, ఎండకు తిప్పి, నా చేతిలో పెట్టాడు.

"పలుగురాయమ్మా. బాగుండాది, పెట్టుకో."

అమ్మ సెల్‌ఫోన్ చూసుకుంది. "నాలుగు గంటల పది నిమిషాలు నడిచినావు," అంది. అప్పుడు గమనించాను, ఆమె చెప్పులకు మట్టే లేదు.

"నువ్వు ఒక్క రాయి కూడా వెతకలేదే?"

"నేను వచ్చింది రాళ్ళకా?"

తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ ఒక్క మాట చెప్పింది. "మా అక్క పోయినాక ఆమె ట్రంకుపెట్టె తీసినాం. చీరల కింద డాక్టరు చీటీ ఉండె. నాలుగు మడతలు."

మర్నాడు పోయాను. ఆ యంత్రం గురించి ఎక్కువ చెప్పను, రెండు పలకల మధ్య నొక్కితే చపాతీ పిండికి ఏం అనిపిస్తుందో తెలిసింది. ఏదో నీడ కనిపిస్తోంది, ఇంకో స్కానింగ్ చేయాలన్నారు. ఆ రెండు రోజులు నేను ఎవరితోనూ బేరమాడలేదు. ఒకాయన టిఫిన్ క్యారియర్‌కు సగం ధర అడిగితే సరేనని ఇచ్చేశాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసింది.

నీరు నిండిన చిన్న తిత్తి, క్యాన్సర్ కాదు, ప్రమాదం లేదు అన్నారు.

డాక్టరమ్మ దగ్గరకు మళ్ళీ మొదటి టోకెన్‌తో పోయాను. "నలభై ఐదే ఇయ్యండి మేడమ్. పైన ఐదు నిమిషాలు కొసరు వేయండి."

"మీ అమ్మ అంపించినాదా?" అంది ఆమె.

ఇదంతా అయ్యి ఏడాది. ఇక బిల్లు. నలభై ఐదు నిమిషాలు నడుస్తున్నానని అందరికీ చెబుతాను, నిజానికి వారానికి ఐదు రోజులే. కొసరు నడిచింది మొదటి వారం మాత్రమే. బరువు ఆరు కిలోలు తగ్గింది, ఉగాదికి తిన్న బెల్లం ఓళిగలతో ఒకటి వెనక్కి వచ్చింది కాబట్టి ఐదు అని రాయాలి. బజ్జీ వారానికి ఒక్కసారే, అమ్మ ప్లేటులోంచి తీసుకున్నవి కలపలేదు, కలిపితే రెండు. చీటీని ఎనిమిది నెలలు దాచినా నాకు ఏమీ కాలేదు, అది నా తెలివి కాదు, లాభంలో వేసుకోకూడదు. ఇంత నడిచినా క్యాన్సర్ రాదని రసీదు ఎవరూ ఇవ్వరు, అవకాశం కొంత తగ్గుతుందంతే, ఆ కొంత ఎంతో నా తరాజుకు అందదు. పలుగురాయి గల్లాపెట్టెలో ఉంది, విలువ సున్నా. ఈ ఏడాది మామోగ్రామ్ పోయిన వారం అయ్యింది. అమ్మది, నాది, ఒకే రోజు. రెండూ బాగున్నాయి. వచ్చే ఏడాదివి రెండూ బాకీ.